డబుల్ డెక్కర్‌లో మెట్లు లేని సీట్లు: అన్నయ్యతో తిరుపతి, చిత్తూరు

విశాఖపట్నం, రాత్రి

అన్నయ్యకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. కుడికాలికి తొడ నుంచి మడమ దాకా క్యాలిపర్, అంటే కాలు మడవకుండా నిలబెట్టే ఊత. రెండు చంకల్లో కర్రలు. వాటితోనే చదువుకున్నాడు, బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈమధ్య బాగున్న ఎడమకాలు కూడా బలం తగ్గుతోంది. చిన్నప్పుడు పోలియో వచ్చి కోలుకున్నవాళ్లలో కొందరికి దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ నీరసిస్తాయి. డాక్టర్లు దాన్ని పోస్ట్ పోలియో అంటారు. పాత క్యాలిపర్ బరువు ఇప్పుడు మోయలేకపోతున్నాడు. కొలతలిచ్చి తేలికైనది చేయించుకుందాం, తిరుపతి బర్డ్ ఆసుపత్రికి వెళ్దాం అన్నాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం.

విశాఖ నుంచి తిరుపతికి డబుల్ డెక్కర్ రైలు 2016 చివర్లో మొదలైంది. వారానికి మూడు రోజులే. అంతా ఏసీ చైర్ కారు. రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి తిరుపతి. రాత్రంతా కూచోవాలి కాబట్టి చాలామంది ఇష్టపడరు. అన్నయ్యకు మాత్రం బెర్తు కంటే కుర్చీయే నయం. కింది బెర్తు మీంచి క్యాలిపర్‌తో లేవాలంటే ఎవరో ఒకరు లాగాలి. కుర్చీకి చేతులుంటాయి, వాటిమీద బరువు మోపి తనే లేస్తాడు. మామూలు రైళ్లలో కొసన, గార్డు పెట్టె పక్కన, దివ్యాంగుల కోసం వేరే గది ఉంటుంది. తలుపు వెడల్పు, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీలు. అందులో వెళ్దామా అని అడిగితే, "రాత్రంతా రైలు చివర విడిగా ఎందుకు? అందరితో పాటు కూచుంటాను" అన్నాడు.

మడత వీల్‌చెయిర్ మా సొంతమే. దాన్ని తోయడానికి, రెండు సంచులు మోయడానికి కలిపి పోర్టరు ₹300 అడిగాడు. బేరం ఆడలేదు, ఎందుకంటే మనిషి పని తెలిసినవాడని చూడగానే అర్థమైంది. పెట్టె దగ్గరికి రాగానే ముందు కర్రలు లోపల పెట్టించాడు. తను కిందే ఉండి అన్నయ్య మోచేతి కింద భుజం ఆనించాడు. మన పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాం పట్టాల నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. పెట్టె నేల అంతకంటే దాదాపు అరమీటరు పైన. మామూలు వాళ్లకు అది ఒక అడుగు. మడవని కాలున్నవాడికి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒంటిని మొత్తం పైకి లాక్కోవడం.

ఆ అడుగు అన్నయ్య వేశాడు. లోపల అసలు కష్టం మొదలైంది. తలుపు దాటగానే చిన్న నడవా. అక్కణ్నుంచి ఒక ఇరుకు మెట్లదారి పైకి, ఒకటి కిందికి. మా సీట్లు కింది అంతస్తులో వచ్చాయి. మెట్లు ఎక్కువేమీ లేవు. కానీ మోకాలు మడవని కాలికి ఎక్కడం కంటే దిగడమే భయం. వెనకాల క్యూ కట్టినవాళ్లలో ఇద్దరు కుర్రాళ్లు, "ఎత్తుకుని దించేస్తాం అంకుల్, ఒక్క నిమిషం" అని ముందుకొచ్చారు. మంచి పిల్లలు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎత్తొద్దు బాబూ. కర్రలు పట్టుకోండి చాలు." వెనక్కి తిరిగి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనకడుగులో దిగాడు. అంతసేపూ ఎవరూ విసుక్కోలేదు. కానీ అంతమంది చూస్తుండగా అలా దిగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్నప్పుడు స్కూల్లో మేడ మీది క్లాసుకు వెళ్లేటప్పుడు అన్నయ్య సంచి మోసింది నేనే.

రైల్లో, తెల్లవారేదాకా

కింది అంతస్తు కిటికీ ప్లాట్‌ఫాం మట్టానికి వస్తుంది. స్టేషన్ వచ్చినప్పుడల్లా మనకు కనిపించేవి పాదాలు. చెప్పులు, బూట్లు, టీ అమ్మేవాడి బకెట్ అడుగు, నిద్రపోతున్న పిల్లను దించిన చీర అంచు.

అన్నయ్య మంచినీళ్లు ముట్టలేదు. ఇంట్లో కూడా సాయంత్రం కాఫీ తర్వాత ఏమీ తాగలేదు. నేను సీసా అందిస్తే పక్కన పెట్టేశాడు. మరుగుదొడ్లు పెట్టె చివర్లలో ఉంటాయి, అంటే తలుపు ఉన్న మట్టంలో. కింద కూచున్నా పైన కూచున్నా అక్కడికి మెట్లు తప్పవు. ఒక్కసారి వెళ్లాలంటే ఎక్కి, నడిచి, మళ్లీ దిగాలి. అది కూడా రైలు ఊగుతుండగా. షుగరున్న మనిషి, 60 దాటినవాడు, పన్నెండు గంటలు పైచిలుకు ప్రయాణంలో దాహాన్ని ఆపుకున్నాడు. ఈ రైలు గురించి నేను చెప్పాల్సిందంటూ ఉంటే మొదట ఇదే చెప్తాను. ఎక్కేటప్పుడు కష్టం అందరికీ కనిపిస్తుంది, సాయానికి నలుగురు వస్తారు. నీళ్లు తాగకుండా కూచున్న కష్టం ఎవరికీ కనిపించదు.

విజయవాడ దాటాక ఆగలేక లేచాడు. పక్క వరసలో తెల్ల జుట్టు పెద్దాయన మెలకువగానే ఉన్నారు. ఆయన ముందు నడిచి, పై మెట్టు మీద అడ్డంగా నిలబడి, దారికి ఎవరూ రాకుండా చూశారు. ఒక్క చెయ్యీ వెయ్యలేదు. వెనక్కి వచ్చాక అన్నయ్యతో, "మీకు ఎడం చేతివైపు కడ్డీ కావాల గదా సామీ, అందుకే అటుపక్క నిలబడలేదు" అన్నారు. అన్నయ్య మొహం వెలిగింది. అంత గమనించిన మనిషి ఎవరా అని ఆరా తీస్తే, తిరుపతి సెట్టిపల్లి దగ్గర రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైనవారు. కూతురి ఇంటికి విశాఖ వచ్చి తిరిగి వెళ్తున్నారు.

ఇక నిద్ర లేదు. ఈ పెట్టె ఎందుకిలా ఉందో ఆయన చెప్పారు. నా నోటుపుస్తకం చివరి పేజీలో బొమ్మ గీసి మరీ చెప్పారు. పెట్టెకు రెండు కొసల్లో చక్రాల ట్రాలీలు ఉంటాయి. ట్రాలీ పైన నేల మామూలు ఎత్తులోనే ఉండాలి, కిందికి దించడానికి చోటుండదు. పైకి పెంచుదామంటే వంతెనలు, కరెంటు తీగ. కాబట్టి రెండు ట్రాలీల మధ్య ఉన్న భాగాన్ని కిందికి దించి అక్కడ రెండు అంతస్తులు పట్టించారు. కపుర్తలా ఫ్యాక్టరీలో చేసిన ఈ ఏసీ డబుల్ డెక్కర్ పెట్టెలో 120 సీట్లు. పైన 50, కింద 48, మిగిలిన 22 పెట్టె కొసల్లో, ట్రాలీల మీద. మామూలు ఏసీ చైర్ కారులో 78. ఆ తేడా కోసమే ఇంత పని.

"ఆ 22 సీట్లు చూసినారా? తలుపు మట్టంలోనే ఉండాయి. మెట్టు లేదు. పక్కనే బాత్‌రూము. మీలాంటోళ్లు ఆడ కూచోవల్ల" అన్నారు.

నేను లేచి వెళ్లి చూశాను. నిజమే. తలుపు దగ్గర్నుంచి నేరుగా నడిచి వెళ్లే చోట కొన్ని సీట్లు. అక్కడ నలుగురు కాలేజీ అబ్బాయిలు దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. వాళ్లను లేపి అడగడం న్యాయం కాదు. వాళ్లకు ఆ సీటు వచ్చింది, మాకు ఇది వచ్చింది. మెట్లు దిగలేని ప్రయాణికుడని టికెట్ ఇచ్చేటప్పుడే తెలుసుకుని ఆ సీటు ఇచ్చి ఉంటే, కుర్రాళ్లు ఎత్తుతామనక్కర్లేదు, పెద్దాయన నిద్ర మానుకుని కాపలా కాయక్కర్లేదు.

మరి తలుపే కింది అంతస్తుకు పెట్టొచ్చు కదా అని అన్నయ్య అడిగాడు. పెద్దాయన నవ్వారు. మన ప్లాట్‌ఫాం కంటే కింది అంతస్తు నేల పల్లంలో ఉంది. అక్కడ తలుపు పెడితే ప్లాట్‌ఫాం గోడకే తెరుచుకుంటుంది. ఇంటికొచ్చాక ఈ సంగతి ఇంకొంచెం చదివాను. యూరప్‌లో చాలాచోట్ల ప్లాట్‌ఫాం 55 సెంటీమీటర్లే. అందుకే అక్కడి రెండంతస్తుల రైళ్లలో తలుపు కింది అంతస్తుకే పెట్టగలిగారు. అమెరికాలో దూరప్రాంతాలకు వెళ్లే సూపర్‌లైనర్ పెట్టెల్లోనూ ఎక్కడం కిందే. వీల్‌చెయిర్ వాళ్ల గది కింద, మరుగుదొడ్డి ఆ గదిలోనే. కానీ పెట్టె నుంచి పెట్టెకు దారి మాత్రం పై అంతస్తులో ఉంటుంది. భోజనాల పెట్టెకు వాళ్లు వెళ్లలేరు, కూచున్న చోటికే భోజనం తెచ్చిస్తారు. స్విట్జర్లాండ్‌లో కొత్త రెండంతస్తుల రైళ్లకు తలుపు దగ్గర వాలు ఎక్కువైందని, వీల్‌చెయిర్ మనిషి ఎవరి సాయం లేకుండా దిగలేడని దివ్యాంగుల సమాఖ్య కోర్టుకెక్కింది. ఆ కేసు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచింది. వాళ్ల వాదనలో నాకు నచ్చిన మాట అదే, ఎవరి సాయం లేకుండా.

నెల్లూరులో ఇడ్లీ పొట్లాలు కొన్నాను. అరిటాకు ముక్కలో నాలుగు ఇడ్లీలు, కారంగా చట్నీ. అన్నయ్య రెండే తిన్నాడు. కాఫీ వద్దన్నాడు.

తిరుపతి

దిగేటప్పుడు పెద్దాయన ఒక మాట చెప్పారు. "అందరూ దిగేసినాక దిగండి. ఇది కడా స్టేషను, బండి యాడికీ పోదు." అలాగే చేశాం. తొందర లేకపోతే అన్నయ్య మెట్లు ఎక్కడం ఎంత నిబ్బరంగా ఉంటుందో అప్పుడు చూశాను. స్టేషన్‌లో కొత్త కట్టడాల పనులు నడుస్తున్నాయి, దారులు అక్కడక్కడా మళ్లించారు. లిఫ్టు దొరికింది. బయటకు రాగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. ఈ ఊళ్లో అందరికీ అందరూ సామీయే. "యాడికి పోవల్ల సామీ?" వీల్‌చెయిర్ మడిచి వెనక కట్టాలంటే ఇద్దరు వెళ్లిపోయారు. మూడో అతను ఏమీ మాట్లాడకుండా సీటు కింద నుంచి తాడు తీశాడు. ₹150.

లాడ్జి పేరు రాయను. ఫోన్లో ర్యాంపు ఉందన్నారు. ఉంది, సామాన్ల ట్రాలీ లాగే ర్యాంపు. మూడు మెట్ల ఎత్తును రెండు గజాల్లో ఎక్కించేశారు. ర్యాంపుకు లెక్కుంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. ఇది నిట్రంగా ఉంది, వీల్‌చెయిర్ వెనక్కి తిరగబడేలా. కౌంటర్లో అబ్బాయి పరిగెత్తుకొచ్చి తోశాడు. గదిలో బాత్‌రూము గుమ్మం ఆరంగుళాల ఎత్తు. పక్క వీధిలో ఇంకో లాడ్జి చూశాం. రోజుకు ₹400 ఎక్కువ, కానీ నేల అంతా ఒకే మట్టం. డబ్బులు పోతే పోయాయి, ఆ రాత్రి అన్నయ్య రెండు గ్లాసుల మజ్జిగ తాగి పడుకున్నాడు.

రాత్రి టిఫిను వీధి చివర బండి దగ్గర. తిరుపతి కారం దోసె గురించి విన్నదే గానీ ఎప్పుడూ తినలేదు. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి కాల్చి ఇచ్చారు. పక్కన చెనక్కాయల చట్నీ. ₹60. బండి నడిపే ఆమె స్టూలు తెచ్చి వేసింది. అన్నయ్య స్టూలు మీద కూచుంటే లేవలేడు, వీల్‌చెయిర్‌లోనే ఉంటానన్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. స్టూలును బల్లలా ఎదురుగా జరిపి దాని మీద పళ్లెం పెట్టింది. "ఇట్లయితే బాగుంటాది గదన్నా."

బర్డ్ ఆసుపత్రి

ఆటో అతను మొదట పక్కనున్న వేరే ఆసుపత్రి గేటు దగ్గర దించాడు. అక్కడ వరసగా ఆసుపత్రులే కాబట్టి పొరపాటు సహజం. ఎండలో ఓ పావుగంట తోసుకుంటూ వెళ్లాం.

బర్డ్‌ను తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతుంది. ఎముకలు, కీళ్లు, పోలియో, పక్షవాతం, కృత్రిమ అవయవాలు, అన్నీ ఇక్కడ చూస్తారు. నిరీక్షించే హాల్లో అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చుట్టూ తనలాంటి కాళ్లే. అందరూ నడివయసు దాటినవాళ్లు. మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అంటే ఇప్పుడు ఇలాంటి కాళ్లతో పెరిగే పిల్లలు దాదాపు లేరు. ఎంత సంతోషమైన విషయం! అదే సమయంలో ఒక భయం కూడా వేసింది. ఈ తరం ముసలిదవుతుంటే, పోలియో అయిపోయిన సంగతి కదా అని వీళ్లను మరిచిపోతామేమో.

మదనపల్లె నుంచి వచ్చిన ఒకావిడ అన్నయ్య పక్కనే కూచుంది. టైలరింగ్ చేస్తుందట, ఎడమకాలికి క్యాలిపర్. వాళ్లిద్దరూ క్యాలిపర్ల గురించి మాట్లాడుకున్న తీరు, ఇద్దరు రైతులు ఎడ్ల గురించి మాట్లాడుకున్నట్టు ఉంది. ఏ పట్టీ తొందరగా తెగుతుంది, ఏ బూటు వానలో నానదు, మోకాలి దగ్గర తాళం ఊడిపోతే దారిలో ఏం చేయాలి. ఆవిడ రైలెక్కదు. "బస్సులో అయితే కండక్టరుకు చెప్పి ముందు సీట్లో కూచుంటా. రైల్లో ఎవురికి చెప్పేది?" అంది.

కొలతలు తీసుకునే ఆయన అన్నయ్య పాత క్యాలిపర్‌ను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "దీన్ని బాగా చూసుకున్నారు" అన్నారు. అంత చిన్న మాటకు మా అన్నయ్య కళ్లు చెమ్మగిల్లాయి. తయారయ్యాక మళ్లీ వచ్చి తొడుక్కుని చూడాలి. అంటే ఇంకో ప్రయాణం.

తిరుమల

కొండ మీద రోజు గురించి తక్కువే రాస్తాను, దర్శనం గురించి చదవనివాళ్లు లేరు. ఘాట్ రోడ్డు మీద బస్సు మెట్లు రైలు మెట్ల కంటే ఎత్తు, అందుకే కారు మాట్లాడుకున్నాం. ఎక్కేది రెండో ఘాట్, దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్. 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఆన్‌లైన్‌లో వేరే కోటా ఉంది. తిరుమల నంబి గుడి పక్క నుంచి ఆ వరస సాగుతుంది. కూచునే చోట పాలు, మజ్జిగన్నం ఇచ్చారు. కాషాయం కండువాల శ్రీవారి సేవకుల్లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన వీల్‌చెయిర్ పట్టుకునే ముందు, "తోయమంటారా, మీరే తిప్పుకుంటారా?" అని అడిగాడు. అలా అడగాలని అందరికీ తోచదు.

బయటికొచ్చాక అలిపిరి నుంచి నడిచి వచ్చినవాళ్లు కనిపించారు. 3,550 మెట్లు, మొక్కు తీర్చుకున్న మొహాలు. అన్నయ్య వాళ్లను చూసి సంతోషించాడు. మెట్లంటే తనకు కోపం లేదు. మొక్కుకున్నవాళ్లు ఎక్కేది వేరు, టికెట్ కొన్నవాడికి వేరే దారి లేకపోవడం వేరు అన్నాడు.

కాణిపాకం దారిలో, చిత్తూరులో

చిత్తూరులో అన్నయ్య పాత సహోద్యోగి ఉన్నారు. ఎప్పటినుంచో పిలుస్తున్నారు. చంద్రగిరి మీదుగా కారులో బయల్దేరాం, రానూపోనూ ₹3,200. డ్రైవరు కాణిపాకానికి దగ్గర దారని ఒక పక్కకు తిప్పాడు. అది ఓ పల్లెలో చెరుకు తోట దగ్గర అయిపోయింది. అక్కడ బెల్లం వండుతున్నారు. పెద్ద పెనం, కింద చెరుకు పిప్పి మంట, గాలంతా తియ్యటి ఆవిరి. కారు దిగి చూస్తానని అన్నయ్య అన్నాడు. నేలంతా బురద, పిప్పి. గానుగ యజమాని ఏమీ అనకుండా, బెల్లం దిమ్మెలు మోసుకెళ్లడానికి వేసుకునే రెండు చెక్క పలకలు తెచ్చి కారు దగ్గర్నుంచి పొయ్యి దాకా పరిచాడు. వీల్‌చెయిర్ వాటి మీద వెళ్లింది. ఆకులో వేడి బెల్లం పాకం పెట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. షుగరు సంగతి ఆ పూటకు ఇద్దరం ఎత్తలేదు.

కాణిపాకం వినాయకుడి కథ తెలిసిందే. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురన్నదమ్ములు నీళ్ల కోసం బావి తవ్వుతుంటే పలుగు తగిలి రాతి నుంచి రక్తం చిమ్మింది, ముగ్గురి వైకల్యాలూ పోయాయి. అన్నయ్య దండం పెట్టుకుని వచ్చాక అన్నాడు, "స్వామి దయ చూపాడు, సరే. అంతకుముందే ఆ ముగ్గురూ కలిసి కాణి నేల సాగు చేసుకుంటున్నారు, బావి తవ్వుతున్నారు. బుజ్జీ, కథలో ఆ ముక్క ఎవరూ పట్టించుకోరు."

చిత్తూరులో మధ్యాహ్న భోజనం. రాగి సంగటి, అనపగింజలు నానబెట్టి పితికి చేసిన పితికిపప్పు కూర, చెనక్కాయల ఊరుబిండి. చలికాలంలోనే దొరికే కూర ఇది. మళ్లీ వడ్డించబోతే వద్దనడం ఆ ఇంట్లో కుదరదు. "ఇంకొంచిం ఏసుకోండి, ఏం తిన్నారని!" ఇంటి పెద్దామెకు ఎనభై దగ్గర పడుతోంది, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆమె రైల్వే అనుభవం మాకంటే ఎక్కువ. రెండో కొడుకు బెంగళూరులో ఉంటాడు. కారులో కాట్పాడి వెళ్లి, చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే డబుల్ డెక్కర్ ఎక్కుతుందట. ఆ బండి 2013 నుంచీ నడుస్తోంది. మెట్ల బాధ ఎలా అని అడిగాను. "నేను తలుపుకాడనే నిలబడతానమ్మా. మెట్లు లేని సీట్లో ఎవురన్నా పిలకాయలుంటే, నా సీటు కిందుండాది, మార్చుకుంటావా నాయనా అని అడుగుతా. కాదని ఎవురూ అన్లేదు. కానీ ప్రతిసారీ అడగల్ల గదా. అడిగేదానికే నాకు సిగ్గేస్తాది."

ఆమె ఆ మాట అన్నప్పుడు అన్నయ్య తింటున్న చెయ్యి ఆపేశాడు. మెట్లున్న పెట్టెను మార్చాలంటే ఫ్యాక్టరీ మారాలి, ప్లాట్‌ఫాం మారాలి, అది ఏళ్ల పని. సీట్లు కేటాయించడం అలాంటిది కాదు. ఒక్కో పెట్టెలో 22 సీట్లు ఇప్పటికే తలుపు మట్టంలో ఉన్నాయి. వాటిలో నాలుగో ఆరో ముందు దివ్యాంగులకు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు, నిండు గర్భిణులకు చూపించి, మిగిలితే తర్వాత అందరికీ ఇవ్వొచ్చు. కింది బెర్తుల విషయంలో పెద్దవాళ్లకు, గర్భిణులకు ఇలాంటి కోటా ఎప్పటినుంచో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా రవాణా అందరికీ అందుబాటులో ఉండాలనే చెప్తోంది. ఆ సీట్లు వచ్చాక కూడా ప్లాట్‌ఫాంకూ పెట్టెకూ మధ్య ఆ అరమీటరు ఉంటుంది. దానికి మడత ర్యాంపు కావాలి. అది రెండో కోరిక.

తిరుగు ప్రయాణం

సెట్టిపల్లి పెద్దాయన ఫోన్ చేసి, బండి కదలడానికి గంట ముందే రమ్మన్నారు. స్టేషన్‌కు స్వయంగా వచ్చారు, చేతిలో ఇంట్లో చేసిన పులిహోర డబ్బా. ఈసారి మా సీట్లు పై అంతస్తులో వచ్చాయి. చిత్తూరు పెద్దామె చెప్పినట్టే చేశాం. మెట్లు లేని చోట కూచున్న జంటను నేను అడిగాను. పెళ్లయి ఏడాది కాలేదు, పైనుంచి బయటకు చూస్తూ వెళ్లొచ్చని సంతోషంగా లేచారు. ఆ అమ్మాయి వెళ్తూ అన్నయ్య కర్రలు పడిపోకుండా సీటు పక్కన ఆనించింది.

గూడూరు దాటకముందే అన్నయ్య సీసాడు నీళ్లు తాగాడు. రాత్రి రెండుసార్లు లేచాడు. నన్ను లేపలేదు. పొద్దున అడిగితే, పట్టుమని పది అడుగులు, నిన్నెందుకు లేపడం అన్నాడు.

ఇంటికొచ్చిన వారంలో ఉత్తరం రాశాడు. బ్యాంకు మనిషి కాబట్టి పద్ధతిగా, పేజీన్నర. పెట్టెలో సీట్ల లెక్క, మరుగుదొడ్లు ఏ మట్టంలో ఉన్నాయో, కింది బెర్తు కోటా ఎలా నడుస్తుందో, దాన్నే ఇక్కడికి ఎలా తేవచ్చో. పెద్దాయన గీసిన బొమ్మను శుభ్రంగా మళ్లీ గీసి జతచేశాడు. కింద తన సంతకం పక్కన చోటు వదిలి, ఒక కాపీ చిత్తూరుకు, ఒకటి మదనపల్లె ఆవిడకు పంపాడు. చిత్తూరు పెద్దామె సంతకం పెట్టి తిరిగి పంపింది. మదనపల్లె నుంచి ఇంకా రావాలి. వచ్చాక మూడు సంతకాలతో రైల్వేకు వెళ్తుంది. క్యాలిపర్ తయారయ్యే తేదీ కూడా దగ్గర పడుతోంది, మళ్లీ అదే బండికి టికెట్లు చూస్తున్నాం.